మంచి మెయిళ్ళు బ్లాక్‌లిస్టు దెబ్బకి తిరిగొచ్చేస్తుంటే ఏం చెయ్యాలి

పలాస సోదరుడు అడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా, మిగతావాళ్ళకీ అర్థమవ్వాలి కదా. వాళ్ళది కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ. సొంత డొమైన్ ఉంది, ఆఫీసులో ఓ మూల లినక్స్ బాక్సు, దాని మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్ళు పంపే, తీసుకునే సాఫ్ట్‌వేరు), ఇంటర్నెట్ ఒకటే స్టాటిక్ ఐపీ, అంటే మారని అడ్రసు. పది రోజులుగా సూరత్ పార్టీకి పంపిన ఇన్వాయిస్‌లు 550, అంటే తీసుకోం, అని తిరిగొచ్చేస్తున్నాయి, జీమెయిల్‌కి వెళ్తున్నాయి గానీ స్పామ్ ఫోల్డర్లో పడుతున్నాయి. ఇది చాలదన్నట్టు ఆఫ్రికా నుంచి జీడి పిక్కలు పంపించే ఏజెంటు మెయిల్ చేస్తే దాన్ని వీళ్ళ సర్వరే బయటికి తోసేస్తోంది, షిప్పింగ్ కాగితాలు చేతికి రాక విశాఖ పోర్టులో కంటైనర్ పని నిలిచిపోయింది. డీలిస్ట్ ఫారం, అంటే బ్లాక్‌లిస్టులోంచి మా పేరు తీయండని అడిగేది, మూడుసార్లు నింపారట, మూడుసార్లూ తీసేసి మళ్ళీ పెట్టేశారట. ఇప్పుడు తిరిగొచ్చిన మెయిల్లో ఒక లైనూ, పోస్ట్‌ఫిక్స్ కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైలు) ఇక్కడ పెట్టి "ఐపీ మార్చించేద్దామా సార్" అని అడుగుతున్నారు.

మార్చకండి. ఎందుకో చివర్లో చెప్తా.

నేను విజయనగరంలో ఇరవై ఏళ్ళ పైనుంచి ఈ మెయిల్ సర్వర్ల పనే చేస్తున్నా, కాలేజీలకి, మిల్లులకి, ఆసుపత్రులకి. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి, "ఏటైపోయిందో తెలీదండి, మెయిళ్ళు ఎళ్ళట్లేదు" అని. ఏమని తిరిగొచ్చిందో చదివారా అంటే చదవలేదు, ఇంగ్లీషులో బారెడు ఉంది కదా అని డిలీట్ కొట్టేస్తారు. బాబూ, ఆ బారెడులోనే జాతకం అంతా ఉంటుంది. మీరు కూడా ఇక్కడ మొదటి లైను మాత్రం కాపీ చేసి పెట్టారు, అసలు ముక్క దాని కింద ఉంటుంది, ఏ లిస్టు, ఏ ఐపీ, ఏ లింకు అని.

అన్నిటికన్నా ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. బ్లాక్‌లిస్టు వాడు మీ మెయిల్ ఆపడు. ఆపే స్విచ్ వాడి చేతిలో లేదు. బజార్లో ఒక షావుకారు ఖాతా ఎగ్గొట్టినవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాడనుకోండి, పక్క కొట్టువాళ్ళు కొత్త మనిషి అప్పు అడిగినప్పుడల్లా ఆ పుస్తకం చూసి ఇవ్వాలో వద్దో వాళ్ళే తేల్చుకుంటారు. ఇదీ అంతే. సూరత్ పార్టీ సర్వరు మీ ఐపీ చూసింది, పుస్తకం తిరగేసింది, వద్దనుకుంది. అంటే మీకు ఇద్దరి దగ్గరికి వెళ్ళే దారి ఉంది, పుస్తకం రాసేవాడు ఒకడు, కొట్టువాడు ఇంకొకడు. పుస్తకంలో పేరు ఉండగానే కొట్టువాడు తెలిసిన మనిషని అప్పు ఇవ్వొచ్చు కూడా. సూరత్ వాళ్ళ ఐటీ చూసే అబ్బాయికి ఒక్క ఫోన్ చేసి "మా ఐపీని మీ దగ్గర అలౌ లిస్టులో పెట్టండి, మేం ఇక్కడ సరిచేసుకుంటున్నాం" అంటే ఆ ఒక్క పార్టీ మట్టుకు ఇవాళే తెరుచుకుంటుంది. పోస్ట్‌మాస్టర్ అనే అడ్రసు ప్రతి మెయిల్ డొమైన్‌కీ ఉండాలని ఎస్ఎంటీపీ (మెయిళ్ళు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) రూలు, మామూలు మెయిల్ పోకపోయినా చాలాచోట్ల దానికి పోతుంది, అదీ ప్రయత్నించండి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1997లో పాల్ విక్సీ వాళ్ళు మొదలుపెట్టిన ఆర్బీఎల్ అనే బ్లాక్‌లిస్టు నుంచీ ఇదే నడుస్తోంది, ఇప్పుడు ఎక్కువమంది చూసే స్పామ్‌హాస్ 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ పెట్టింది. పని చేసే తీరు సింపులు, మామూలు డీఎన్ఎస్ (పేరుకి ఐపీ చెప్పే ఇంటర్నెట్ డైరెక్టరీ) ప్రశ్నే. మీ ఐపీ 203.0.113.7 అనుకోండి, దాన్ని తిరగేసి 7.113.0.203 అని రాసి వెనకాల లిస్టు పేరు తగిలించి అడుగుతారు. పేరు లేదని జవాబొస్తే మీరు ఆ లిస్టులో లేనట్టు, 127.0.0 తర్వాత ఏదో ఒక నంబరు వస్తే ఉన్నట్టు. డీఎన్ఎస్‌ని అడిగే డిగ్ కమాండ్ ఉంటే మీరే చూసుకోవచ్చు, లేదంటే స్పామ్‌హాస్ చెకర్ పేజీలో ఐపీ కొట్టినా చెప్తుంది.

ఆ చివరి నంబరే ప్రాణం. స్పామ్‌హాస్ వాళ్ళ జెన్ అనేది ఒక లిస్టు కాదు, నాలుగైదు లిస్టుల మూట. చివర 2 వస్తే ఎస్బీఎల్, అంటే మనుషులు చూసి మరీ పెట్టింది, దాన్ని మీరు తీయించుకోలేరు, మీ ఇంటర్నెట్ కంపెనీ అబ్యూజ్ డెస్కే అడగాలి. 3 వస్తే సీఎస్ఎస్, చెత్త మెయిళ్ళు పంపే లక్షణాలు చూసి మెషినే పెట్టేస్తుంది. 4 వస్తే ఎక్స్‌బీఎల్, ఆ ఐపీ వెనకాల ఏదో మెషిన్‌కి వైరసో ప్రాక్సీ సాఫ్ట్‌వేరో తగులుకుందని. 10, 11 వస్తే పీబీఎల్, ఇది మాత్రం అసలు నేరమే కాదు, "ఈ ఐపీలు ఇళ్ళకి ఇచ్చే కనెక్షన్లవి, ఇక్కడి నుంచి నేరుగా మెయిల్ సర్వర్ నడవకూడదు" అని ఒక ప్రకటన మాత్రమే. పీబీఎల్ చూసి కంగారుపడి యాంటీవైరస్ కొన్నవాళ్ళని నేను చూశా, పాపం. స్టాటిక్ ఐపీ మీద నిజంగా మెయిల్ సర్వర్ పెట్టుకుంటే ఆ ఒక్క ఐపీని మీరే తీయించుకోవచ్చు, లేకపోతే 587 పోర్టు మీద యూజర్ పాస్‌వర్డ్ ఇచ్చి ఇంకో సర్వర్ ద్వారా పంపుకోండి, అయిపోతుంది.

మీ కథ విని నేనైతే 4 అనే పందెం కాస్తా. మూడుసార్లు తీశారు, మూడుసార్లు మళ్ళీ పెట్టారు అంటే కారణం ఇంకా అక్కడే ఉంది, మీరు ఫారం నింపుతున్నారు, లోపల అది దాని పని అది చేసుకుంటోంది. పైకప్పు కారుతుంటే కింద తుడుస్తూ కూర్చున్నట్టు. తీయించుకోవడం, మళ్ళీ పడడం ఎక్కువసార్లు జరిగితే తర్వాత తీయడం కూడా ఆలస్యం చేస్తారు, కాబట్టి నాలుగోసారి ఫారం జోలికి వెళ్ళకండి, ముందు దొంగని పట్టండి.

ఒకే ఐపీ అన్నారు కదా, అక్కడే ఉంది తిరకాసు. ఆ ఐపీ మీద మెయిల్ సర్వర్ ఒక్కటే లేదు. అకౌంట్స్ కంప్యూటర్లు, వే బ్రిడ్జి దగ్గర ఉన్న పాత మెషిను, సీసీటీవీ బాక్సు, ఇంకా ముఖ్యంగా లారీ డ్రైవర్లూ క్లీనర్లూ లోడింగ్ అయ్యేదాకా కూర్చుని వాడుకునే వైఫై, ఇవన్నీ బయట ప్రపంచానికి ఒక్క ఐపీగానే కనిపిస్తాయి. ఈమధ్య ఎక్స్‌బీఎల్ కేసుల్లో నాకు ఎక్కువగా దొరుకుతున్నది కంప్యూటర్ వైరస్ కూడా కాదు, ఫోన్లలో వేసుకునే ఉచిత వీపీఎన్ యాప్‌లూ, డబ్బులొస్తాయని ఆశపెట్టే యాప్‌లూ, అవి ఫోన్ యజమానికి తెలియకుండా ఆ కనెక్షన్‌ని ఎవడికో అద్దెకిచ్చేస్తాయి, వాడు మీ ఐపీ మీంచి ఏం చేస్తాడో దేవుడికెరుక. బొబ్బిలి వైపు ఒక రైస్ మిల్లులో ఇలాగే నెల రోజులు వెతికాం. కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేసేశారు నేను వెళ్ళేసరికే, అయినా లిస్టులో పడుతూనే ఉంది, చివరికి చూస్తే సీసీటీవీ డీవీఆర్. ఎవరో పెట్టినప్పటి పాస్‌వర్డే ఉంచేశారు, ఇంటినుంచి ఫోన్‌లో కెమెరాలు చూసుకోడానికని బయటికి పోర్టు తెరిచి పెట్టారు, ఎవడో దూరిపోయాడు. 2016లో మిరాయ్ అని ఇలాంటి కెమెరాలూ డీవీఆర్‌లతోనే పెద్ద గొడవైంది, ఆ జాతి ఇంకా పోలేదు.

కాబట్టి ఫైర్‌వాల్‌లో ఒక్క రూలు పెట్టండి. బయటికి పోయే 25 పోర్టు (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ ఇచ్చుకునే దారి) మెయిల్ సర్వర్‌కి తప్ప లోపలున్న ఇంకే మెషిన్‌కీ వద్దు, ఎవరైనా ప్రయత్నిస్తే లాగ్‌లో రాయి, అని. ఇది పెట్టిన గంటలోనే ఎవరు తలుపు తడుతున్నారో పేరుతో సహా తెలుస్తుంది చాలాసార్లు. అయితే దీంతో మొత్తం అయిపోదు, ఎక్స్‌బీఎల్‌లో పడడానికి మెయిలే పంపక్కర్లేదు, బాట్‌నెట్ కంట్రోల్ సర్వర్‌తో మాట్లాడినా చాలు. అందుకే స్పామ్‌హాస్ పేజీలో మీ ఐపీ ఎందుకు పెట్టారో, ఏ టైమ్‌లో చూశారో రాసి ఉంటుంది, ఆ టైము చూసుకోండి, అది యూటీసీలో ఉంటుంది, మన టైముకి అయిదున్నర గంటలు కలపాలి. కలపకుండా చూసి రాత్రి రెండింటికి ఫ్యాక్టరీ మూసి ఉంటే ఎలా అని వాచ్‌మెన్‌ని అనుమానించిన యజమాని ఒకాయన ఉన్నాడు, అది నిజానికి పొద్దున్న ఏడున్నర, షిఫ్ట్ మారే టైము, గేటు దగ్గర అందరూ ఫోన్లు పట్టుకుని ఉండే టైము.

వైఫైని విడదీయండి. వీలైతే బయటివాళ్ళ వైఫైకి వేరే చవక కనెక్షన్ పెట్టేయండి, నెలకి అయ్యే ఖర్చు ఒక బౌన్స్ అయిన ఇన్వాయిస్ కన్నా తక్కువే.

రెండో అనుమానం, ఇది ఇంకా ప్రమాదం, ఎవరిదో మెయిల్ పాస్‌వర్డ్ పోయి ఉండొచ్చు. ఫ్యాక్టరీ పేరు పక్కన 123 పెట్టుకునే అలవాటు మన దగ్గర ఎక్కువ. పోస్ట్‌క్యూ (బయటికి పోవాల్సిన మెయిళ్ళ వరస) చూడండి, వేలల్లో మెయిళ్ళు పేరుకుపోయి ఉంటే, పంపినవాళ్ళ పేరు మీ అకౌంట్స్ అమ్మాయిది అయితే, ఆమె పంపలేదని తెలుసు కదా. లాగ్‌లో సాసల్ యూజర్‌నేమ్ (లాగిన్ అయి పంపినవాళ్ళ పేరు) అని వెతికి ఏ యూజర్ రోజుకి ఎన్ని పంపాడో లెక్క తీయండి. దొరికితే పాస్‌వర్డ్ మార్చి క్యూ ఖాళీ చేసి ఊరుకోకండి, ఆ మెయిల్‌బాక్స్‌లో ఫార్వర్డింగ్ రూల్స్ చూడండి. దొంగ ముందు చేసే పని అదే, ఇన్వాయిస్ అనే మాట ఉన్న మెయిళ్ళన్నీ తనకి కాపీ వచ్చేలా పెట్టుకుంటాడు, సరైన రోజు చూసి మీ పేరుతోనే పార్టీకి "మా బ్యాంకు ఖాతా మారింది, దీనికి వేయండి" అని రాస్తాడు. జీడిపప్పు లోడు డబ్బులంటే మాటలు కాదు. అలాంటిది కనిపిస్తే ముందు పార్టీలకి ఫోన్లు చేసి చెప్పండి, డబ్బు వెళ్ళిపోయి ఉంటే అదే గంటలో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్లాక్‌లిస్టు సంగతి సాయంత్రం చూసుకోవచ్చు.

మూడోది మీరు ఒప్పుకోరు గానీ అడుగుతా, సంక్రాంతికో దీపావళికో శుభాకాంక్షల మెయిల్ ఏమైనా పంపారా, పాత విజిటింగ్ కార్డుల్లో ఉన్న అడ్రసులన్నిటికీ, లేదా ఎవరిదగ్గరో కొన్న "ఎక్స్‌పోర్టర్స్ లిస్టు"కి? ఇక్కడ ఒక కాలేజీ ఇలాగే అడ్మిషన్ల టైములో పదేళ్ళ నాటి అడ్రసులన్నిటికీ ఒకేసారి పంపింది. వాటిలో ఎన్నో చచ్చిపోయిన అడ్రసులు, కొన్నింటిని లిస్టులవాళ్ళు వలగా వాడుకుంటారు, మనిషెవరూ వాడని అడ్రసుకి మెయిల్ వచ్చిందంటే పంపినవాడు అడక్కుండా పంపాడనేగా అర్థం. తర్వాత రోజు నుంచి పిల్లల తల్లిదండ్రులకి వెళ్ళాల్సిన నిజమైన మెయిళ్ళు కూడా ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ గారు "మనం మంచి ఉద్దేశంతోనే కదా పంపాం" అన్నారు. సర్వర్‌కి ఉద్దేశం కనిపించదు సార్ అని చెప్పాను, ఆయనకి నచ్చలేదు.

సరే, కారణం దొరికి సరిచేశారు అనుకుందాం, అప్పుడు డీలిస్ట్. అన్ని లిస్టులకీ ఒకే పద్ధతి కాదు. ఎక్స్‌బీఎల్, పీబీఎల్, సీఎస్ఎస్ స్పామ్‌హాస్ పేజీ నుంచే మీరే చేసుకోవచ్చు. స్పామ్‌కాప్ అయితే మీరేం చెయ్యక్కర్లేదు, కొత్త కంప్లయింట్లు ఆగితే 24 గంటల్లో దానంతట అదే పోతుంది. బారకూడాకి ఫారం ఉంది. యూసీఈప్రొటెక్ట్ అని ఒకటి ఉంది, దాని మొదటి స్థాయి ఒక్క ఐపీకి, 7 రోజులు గొడవ లేకపోతే పోతుంది, రెండు మూడు స్థాయిలు మాత్రం మీ పక్కింటివాళ్ళ పాపం, మొత్తం ఐపీల బ్లాకునీ ఇంకా పైకి పోతే మొత్తం కంపెనీ నెట్‌వర్క్‌నీ పెట్టేస్తారు, త్వరగా తీయాలంటే డబ్బు కట్టమంటారు. కట్టకండి. డబ్బు తీసుకుని పేరు తీసే పద్ధతి తప్పని 2012లో వచ్చిన 6471 నంబరు ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతుల పత్రం) లోనే గట్టిగా రాశారు. మూడో స్థాయి చూసి మెయిల్ మొత్తంగా ఆపేసే సర్వర్ ఎవరైనా ఉంటే తప్పు వాళ్ళదే, వాళ్ళకే ఫోన్ చేయండి.

ఇంకో మాట, ఆన్‌లైన్‌లో వందేసి లిస్టులు ఒకేసారి చూసి ఎర్ర గుర్తులు చూపించే సైట్లు ఉంటాయి, అవి చూసి నిద్ర పాడుచేసుకోవద్దు. వాటిల్లో సగం లిస్టులని ఎవరూ వాడరు, కొన్ని మూతపడ్డాయి కూడా. మీ బౌన్స్ మెయిల్‌లో ఏ పేరుందో అది ఒక్కటే మీ సమస్య.

ఫారంలో రాసేటప్పుడు ఏడవకండి, తిట్టకండి. "మా వ్యాపారం నాశనమైపోతోంది" అంటే వాళ్ళకి పట్టదు, రోజూ స్పామర్లు కూడా అదే రాస్తారు. ఏం దొరికింది, ఎప్పుడు దొరికింది, ఏం చేశారు, మూడు వాక్యాలు రాయండి. "డీవీఆర్‌కి వైరస్ పట్టింది, నెట్ నుంచి తీసేశాం, 25 పోర్టు మూసేశాం" అంతే.

జీమెయిల్ సంగతి వేరు. మీ మెయిల్ అక్కడ తిరిగిరావట్లేదు, స్పామ్‌లో పడుతోంది, అంటే లిస్టు కన్నా మీ మీద నమ్మకం లేకపోవడం. జీమెయిల్ తన లెక్కలు తనే వేసుకుంటుంది, ఫారం నింపితే వినే రకం కాదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ రూల్స్ బిగించాయి, పంపేవాళ్ళందరికీ ఎస్పీఎఫ్ (మీ డొమైన్ మెయిల్ ఏ సర్వర్ల నుంచి రావచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండాలి, ఐపీకి పీటీఆర్ ఉండాలి, రోజుకి 5000 దాటి పంపేవాళ్ళకైతే రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ రెండూ తప్పితే మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పే రికార్డు) కూడా ఉండాలి. మీరు రోజుకి యాభై పంపినా సరే ఈ నాలుగూ పెట్టేసుకోండి, అరపూట పని. పీటీఆర్ అంటే ఐపీని అడిగితే పేరు చెప్పడం, ఆ పేరుని అడిగితే మళ్ళీ అదే ఐపీ రావాలి, మీ సర్వర్ హెలో చెప్పేటప్పుడు కూడా అదే పేరు చెప్పాలి. ఇది మీ డొమైన్ ప్యానెల్‌లో ఉండదు, ఇంటర్నెట్ కంపెనీయే పెట్టాలి, కింది స్థాయి వాళ్ళకి ఫోన్‌లో చెప్తే డొమైన్ కొనాలా సార్ అంటారు, పట్టువదలకుండా రాతపూర్వకంగా పై ఆఫీసుకి మెయిల్ పెట్టండి, సొంత మెయిల్ పోదు కాబట్టి వేరే అడ్రసు నుంచి.

ఎస్పీఎఫ్‌లో ఒక జాగ్రత్త, లోపల డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు, దాటితే మొత్తం రికార్డే చెల్లదు. ఎవరో చెప్పారని పాత హోస్టింగ్‌వీ, ఎస్ఎంఎస్ కంపెనీదీ, ఇంకెవరివో ఇంక్లూడ్‌లు వరసగా పెట్టుకుంటూ పోతే అదే జరుగుతుంది. ఇంకోటి, మీ బాక్సులో ఐపీవీ6 (కొత్త రకం పొడుగు ఐపీ, పాతది వీ4) ఆన్‌లో ఉందేమో చూడండి, వీ4కి పీటీఆర్ పెట్టించి వీ6కి మర్చిపోతే జీమెయిల్‌కి వీ6 మీద వెళ్ళి దెబ్బతింటుంది. పీటీఆర్ వచ్చేదాకా పోస్ట్‌ఫిక్స్‌ని వీ4 ఒక్కదాని మీదే నడిపించండి.

మైక్రోసాఫ్ట్ కూడా సొంత లిస్టే పెట్టుకుంటుంది, బౌన్స్‌లో ఎస్3140 అనో 5.7.606 అనో కనిపిస్తే స్పామ్‌హాస్ దగ్గరికి పరిగెత్తడం దండగ, వాళ్ళ ఫారంలే వేరు, ఎస్ అక్షరంతో వచ్చేది అవుట్‌లుక్ హాట్‌మెయిల్ వాళ్ళది, రెండోది ఆఫీస్ 365 వాళ్ళది.

ఇప్పుడు మీ రెండో గొడవ, ఏజెంటు మెయిల్ మీ దగ్గరే ఆగడం. ఇక్కడ కొట్టువాడు మీరే. తప్పు మీ కాన్ఫిగ్‌లో ఉంది, ఏజెంటు మీద అరవకండి. అక్కడ చాలా దేశాల్లో ఒక్క ఐపీ వెనకాల వేలమంది కూర్చుంటారు, ఎవడో ఒకడి ఫోన్‌కి వైరస్ ఉంటే అందరూ ఎక్స్‌బీఎల్‌లో కనిపిస్తారు. మన దగ్గర మొబైల్ డేటా కూడా అంతే, మీరు ఫోన్‌లోంచి మీ సొంత సర్వర్‌కి లాగిన్ అయి పంపితే మీ సర్వరే మిమ్మల్ని తోసేయొచ్చు! అందుకే పోస్ట్‌ఫిక్స్‌లో వరస ముఖ్యం. మైనెట్‌వర్క్స్ (మీ సొంత మెషిన్లు), ఆ తర్వాత పాస్‌వర్డ్‌తో వచ్చినవాళ్ళని అనుమతించే రూలు, ఆ తర్వాత మీ సొంత అలౌ లిస్టు, ఇవన్నీ అయ్యాకే రిజెక్ట్ ఆర్బీఎల్ క్లయింట్ లైన్లు, అంటే బ్లాక్‌లిస్టు చూసి తోసేసేవి, రావాలి. మీరు పెట్టిన కాన్ఫిగ్‌లో అది మొదటి లైన్లోనే ఉంది. దాన్ని కిందకి దించి ఏజెంటు సర్వర్ ఐపీని పైన అలౌలో పెట్టండి, కాగితాలు ఇవాళే వస్తాయి.

ఇంకా మంచిది, ఒక్క లిస్టు మాట పట్టుకుని తలుపేసేయకుండా మార్కులు వేయించండి. పోస్ట్‌ఫిక్స్‌తో వచ్చే పోస్ట్‌స్క్రీన్‌లో గానీ ఆర్‌స్పామ్‌డీ అనే స్పామ్ ఫిల్టర్‌లో గానీ జెన్‌కి ఇన్ని మార్కులు, ఇంకోదానికి ఇన్ని, డీకిమ్ పాసయితే కొన్ని తగ్గించు (ఇది ఆర్‌స్పామ్‌డీలోనే కుదురుతుంది), మొత్తం ఇంత దాటితేనే ఆపు అని పెట్టుకోవచ్చు. మీ కాన్ఫిగ్‌లో మూడు లిస్టులు చూశా, ఒకటి సోర్బ్స్. అది 2024 జూన్‌లోనే మూతపడింది సోదరా. మూతపడ్డ లిస్టు ఊరికే మౌనంగా ఉంటే అదృష్టం, కొన్ని అలా ఉండవు. ఓఆర్‌డీబీ అని ఒకటి 2006 చివర్లో మూసేశారు, అయినా జనం కాన్ఫిగ్‌లోంచి తీయలేదు, 2008 మార్చిలో ఎవరి గురించి అడిగినా "ఉన్నాడు" అని చెప్పడం మొదలుపెట్టింది, తీయనివాళ్ళ సర్వర్లన్నీ ప్రపంచం మొత్తాన్నీ తోసేశాయి. లిస్టు బతికుందో లేదో చూడ్డానికి చిట్కా ఉంది, 127.0.0.2 గురించి అడిగితే ఉందని చెప్పాలి, 127.0.0.1 గురించి అడిగితే లేదని చెప్పాలి. రెండోదానికి కూడా ఉందంటే పిచ్చెక్కినట్టు లెక్క, అదే క్షణంలో తీసేయండి.

ఇలాంటిదే ఇంకో గుంట ఉంది, ఇందులో నేనే పడ్డా కాబట్టి కాస్త వివరంగా చెప్తా. మీ సర్వర్ డీఎన్ఎస్‌కి గూగుల్ వాళ్ళ 8.8.8.8 పెట్టుకుని స్పామ్‌హాస్‌ని అడిగితే వాళ్ళు జవాబివ్వరు, అంతమంది వాడే పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకి జవాబు తెచ్చిపెట్టే సర్వర్) నుంచి వచ్చే ప్రశ్నలని ఉచితంగా తీసుకోరు. జవాబివ్వరు అంటే మాట్లాడకుండా ఉండరు, 127.255.255.254 అని ఒక ఎర్రర్ కోడ్ పంపుతారు. మీ పోస్ట్‌ఫిక్స్‌లో ఏ నంబరొస్తే ఆపాలో రాయకపోతే, ఏదో ఒక జవాబొచ్చింది కదా లిస్టులో ఉన్నట్టే అనుకుని వచ్చిన ప్రతి మెయిల్నీ తోసేస్తుంది. విజయనగరంలో ఒక ట్రేడింగ్ ఆఫీసు, పైడితల్లమ్మ పండగ ముందు సోమవారం నెట్ కుర్రాడు వచ్చి రూటర్ మార్చి వెళ్ళాడు, కొత్త రూటర్‌లో డీఎన్ఎస్ 8.8.8.8. మంగళవారం సిరిమానోత్సవం, ఆఫీసుకి సెలవు, ఊరంతా రోడ్ల మీదే, మెయిల్ రాకపోతే ఎవరు చూస్తారు. బుధవారం పొద్దున్న ఇన్‌బాక్స్ ఖాళీ. "పండగ కదండి, ఎవరూ రాయలేదేమో" అనుకున్నారట, నేను కూడా ఫోన్‌లో అదే అనుకున్నా, సిగ్గుగానే ఉంది చెప్పడానికి. మధ్యాహ్నం లాగ్ తెరిస్తే రెండు రోజులుగా జీమెయిల్‌తో సహా అందరికీ 550. పోయినవి పోయాయి, 550 అంటే శాశ్వతంగా కాదన్నట్టు, పంపిన సర్వర్ మళ్ళీ ప్రయత్నించదు. నాలుగుతో మొదలయ్యే కోడ్ అయితే కాసేపటి తర్వాత మళ్ళీ వచ్చి తలుపు తడుతుంది. లాగ్‌లోంచి అడ్రసులు ఏరి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మళ్ళీ పంపమన్నాం.

అప్పటి నుంచి మూడు పనులు చేస్తున్నా. ప్రతి మెయిల్ సర్వర్ మీద అన్‌బౌండ్ అనే సాఫ్ట్‌వేరుతో సొంత రిజాల్వర్, ప్రశ్నల్ని ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకుండా. ఆర్బీఎల్ లైను పక్కన 127.0.0 తర్వాత 2 నుంచి 11 వరకు వస్తేనే ఆపు అని స్పష్టంగా రాయడం. కొత్తగా ఏ రూలు పెట్టినా వారం రోజులు వార్న్ ఇఫ్ రిజెక్ట్ మీద నడపడం, అంటే ఆపదు, ఆపేదాన్నని లాగ్‌లో రాస్తుంది, ఆ లాగ్ చూసుకున్నాకే నిజంగా ఆపేలా ఆన్ చేయడం.

రిజెక్ట్ చేసినప్పుడు పంపినవాడికి వెళ్ళే మాటలో మీ ఆఫీసు ఫోన్ నంబరు కూడా పెట్టండి, పోస్ట్‌ఫిక్స్‌లో ఆ వాక్యం మార్చుకోవచ్చు. మీ ఏజెంటుకి ఆ నంబరు కనిపించి ఉంటే పది రోజులు ఆగేది కాదు. మెయిల్ తీసేసుకుని లోపల మాత్రం చప్పుడు చేయకుండా పడేయడం ఎప్పుడూ చేయొద్దు, ఆపినా ఆపానని చెప్పి ఆపాలి.

ఇక ఐపీ మార్చే సంగతి. మీ డీవీఆరో ఫోనో లోపలే ఉంటే కొత్త ఐపీ కూడా రెండు రోజుల్లో అదే లిస్టులో పడుతుంది. అదీగాక కొత్త ఐపీకి మంచి పేరేం ఉండదు, మీకన్నా ముందు అద్దెకున్నవాడు ఎవడో, వాడి పాత బాకీలు మీ నెత్తిన పడొచ్చు. ఒకటి మాడితే ఇంకోటికి గెంతడం స్పామర్ల పద్ధతి, లిస్టులవాళ్ళకి ఆ గెంతుడు బాగా తెలుసు.

అంతవరకు వ్యాపారం ఆగకూడదు కాబట్టి బయటికి పోయేవాటిని ఏదైనా మంచి రిలే సర్వీస్ (మీ మెయిళ్ళని తమ సర్వర్ నుంచి పంపిపెట్టేవాళ్ళు) ద్వారా 587 మీద పంపండి, పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ ఒక్క లైను, ఎస్పీఎఫ్‌లో వాళ్ళది చేర్చడం మర్చిపోకండి. నన్నడిగితే రోజుకి యాభై మెయిళ్ళు పంపే ఫ్యాక్టరీకి ఆఫీసు మూల బాక్సులోంచి నేరుగా పంపడం అనవసరపు శ్రమ, రిలేని అలాగే ఉంచేసుకోండి. కానీ పాస్‌వర్డ్ పోయిన మెయిల్‌బాక్స్ ఏదైనా ఉంటే దాన్ని సరిచేయకుండా రిలే తగిలించకండి, ఆ చెత్త వాళ్ళ మీంచి పోతుంది, ఒక్క పూటలో మీ అకౌంట్ మూసేస్తారు.

మీ బౌన్స్ మొత్తం పెట్టండి, ఐపీ చివరి అంకెలు చెరిపేసినా పర్లేదు. 127.0.0 తర్వాత ఏ నంబరు వచ్చిందో, స్పామ్‌హాస్ పేజీలో ఏ టైము రాసుందో, ఫైర్‌వాల్ లాగ్‌లో 25 పోర్టు ఎవరు తడుతున్నారో, ఈ మూడూ కావాలి నాకు. రేపు పొద్దున్న కరెంటు తీస్తారట ఇక్కడ, మధ్యాహ్నం చూస్తా.